చెలమ పక్కన మూడు రాత్రులు

ఎర్రగుంట్లలో నాపరాళ్ళ పాలీషు మిషను కాడ
ఇరవయ్యారేండ్లు నిలబడినాను.
కుడి చెవి ఆడనే ఉండిపోయింది.
ఎడమదానికి సగం ప్రాణం,
అదీ మనిషి ఎదురుగా నిలబడి అరిస్తేనే.

అట్లాంటోన్ని పట్టుకోని
"కలివికోడి కూత వినేదానికి పోతాండాం,
వంటకు వస్తావా మామా" అనింది పర్వీను.
బద్వేలు పిల్ల. ఏందో పరిశోధన.
రోజుకు ఏడునూర్లు, తిండి.
వస్తానన్నా.

సిద్ధవటం దాటినాంక జీపు ఒక చోట ఇంక నావల్ల కాదనింది.
ఆన్నుంచి నడక.
నెత్తిన సంగటి సట్టి, చంకలో తెడ్డు.
ముందర ఫారెస్టోళ్ళ దస్తగిరి
ముండ్లకంపను కట్టెతో పక్కకు తోస్తా.

పెన్న ఒడ్డున గుడారం.
ఒడ్డు ఉంది, పెన్న లేదు.
కొండల కింద అంతా ఇసుక,
ఎవరో కొలిచి పోసి
మూటకట్టడం మర్చిపోయిన జొన్నల మాదిరి.
దస్తగిరి మోకాళ్ళ మింద కూర్చోని చేతుల్తో తోడినాడు.
మూరెడు లోతున ఇసుక నల్లబడింది,
ఇంకో జానకు చెమర్చింది,
కాసేపటికి గిద్దెడు నీళ్ళు.
"ఏరు పండుకోనుంది మామా, సచ్చిపోలేదు."
ఎడమ పక్కకొచ్చి చెప్పినాడు గాబట్టి తెలిసింది.

మంట పెద్దది వద్దన్నాడు.
కొండ మింద కూంబింగోళ్ళు
మమ్మల్ని దుంగల దొంగలనుకుంటారంట.

ఆ మాపు పొద్దు లంకమల వెనక్కు జారంగానే
పర్వీను వేలెత్తింది. అందరూ రాళ్ళయినారు.
నేను పప్పు కలబెడతానే ఉన్నా,
గరిటె సట్టికి తగుల్తాందని నాకేం తెలుసు.
శానాసేపటికి ఆ పిల్ల నా కాడికొచ్చి,
కోపంగా కాదు,
నిద్రపోయే బిడ్డ చేతిలోంచి గిలక తీసినట్ల
గరిటె తీసుకునింది.

రాత్రంతా చుక్కలకింద మేలుకోనే ఉన్నా.
ఆ పిట్ట రాకపోయింది నా గరిటెకేనేమో.

మర్నాడు పగలుండంగానే సంగటి గెలికి, ఊరుబిండి నూరి,
పొయ్యి ఆర్పి
గిన్నెలన్నీ ఇసుకలో బోర్లించినా.
చెప్పులు కూడా విడిచి దూరంగా పెట్టినా.
పిట్ట రాలే.
తప్పు నాది కాదని మనసు కుదుటపడింది,
కుదుటపడినందుకు సిగ్గయింది.

మూడో మాపు
చెలమ కాడ చెంబు ముంచుతాన్నా.
తలెత్తి చూస్తే
దస్తగిరి నోట్లో యాపపుల్ల నిలిచిపోయింది.
లెక్కలు రాసే ఓబులేసు పెన్ను గాల్లో ఉంది.
పర్వీను కండ్లు మూసుకోని
ఎవరో తలకు నీళ్ళు పోస్తాంటే ఒప్పుకున్నట్ల
ముఖం పైకెత్తింది.
ముగ్గురి ముఖాల మింద ఒకేసారి ఏందో నడిచిపోయింది.
రెండడుగులు. ఆగింది.
మల్లా రెండడుగులు.

నేను చెంబు నీళ్ళలో అట్లే పట్టుకోనున్నా.
ఎత్తితే బొట్లు రాల్తాయి.
వేళ్ళు తిమ్మిరెక్కినాయి.
చెంబు చుట్టూ ఇసుక రేణువులు
ఒకటొకటే తిరుగుతా అడుక్కు పోతాన్నాయి.
నిద్రలో పెన్న ఒక పక్కకు ఒత్తిగిలింది.

ఆరూ యాభైరెండు నుంచి ఆరూ యాభైయారు, అని రాసుకున్నారు.
తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడినారు,
ఒక్క ముక్క అర్థం కాలే.

రికార్డు ఏదో పెద్దూరికి పంపినారంట.
అదే కావచ్చు, కాకపోవచ్చు,
గాలి చప్పుడు ఎక్కువుంది అని జవాబొచ్చిందని
పర్వీను ఫోన్లో అరిచి చెప్పింది.
ఆ పొద్దు గాలి లేదు.
ఆర్పిన పొయ్యి పొగ
దారం మాదిరి నిట్టనిలువునా పోతాన్నింది, నేను చూసినా.
చెప్పలే.
వంటోన్ని ఎవరడుగుతారు.

ఇంటికాడ మా ఆడమనిషి అడిగింది,
"యెట్ల కూసింది ఆ కోడి?"
ఆమె ఎదురుగా కూర్చోని
కండ్లు మూసి
మెల్లగా ముఖం పైకెత్తినా.

కొంచేపు పలకలే.
తర్వాత నా ఎడమ పక్కకు జరిగి
"ఇంకోసారి" అనింది.